సీసపు పట్టీల మీద నిలిచిన స్వరం

పత్రికాఫీసులో నా మొదటి పని తప్పులు పట్టడం. ప్రూఫులు దిద్దేవాణ్ని. తర్వాత డెస్కు మీదికి వచ్చాను, శీర్షికలు పెట్టాను, చివరి పదేళ్లూ పాఠకుల ఉత్తరాల పేజీ చూశాను. పొంగే మురికి కాలువలు, రాని బస్సులు, పట్టపగలు వెలుగుతున్న వీధిదీపాలు. ఆ వీధిదీపం ఫొటో మాకు ఏటా పదిసార్లయినా వచ్చేది. పంపిన ప్రతివాడూ ఆ విడ్డూరం మొదట తన కంటికే పడిందనుకునేవాడు. మేమూ విసుక్కోకుండా వేసేవాళ్లం. మూడో రోజుకల్లా ఎవరో వచ్చి దీపం ఆర్పేవారు. నా ఉద్యోగంలో కళ్లారా చూసిన ఫలితాలు ఏవైనా ఉన్నాయంటే అవే.

రిటైరై గచ్చిబౌలిలో ఒక ఫ్లాటులో స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు వదల్లేదు. ఫుట్‌పాత్ మీద మూత లేని మ్యాన్‌హోల్ కనబడితే ఫొటో తీసి ఎవరికి పంపాలో వాళ్లకు పంపేదాకా నాకు అన్నం సయించదు.

“నౌకరీ అయిపోయింది గని, మీ ఉత్తరాల పేజీ మాత్రం ఇంక నడుస్తనే ఉంది,” అంటుంది మా ఆవిడ.

ఆ మాటలో వెక్కిరింత ఎంత ఉందో హెచ్చరిక కూడా అంతే ఉందని పోయిన ఏడు వానాకాలంలో తెలిసింది.

ఆ సాయంత్రం రాయదుర్గంలో మెట్రో దిగి ఇంటికి నడుస్తున్నాను. అది నాకు రోజూ ఉండే నడక. ఆఫీసు బస్సులు బారులు తీరి ఉన్నాయి. బైక్ టాక్సీల వాళ్లు ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుంటున్నారు. అంటే వాన వస్తుందని వాళ్లకు ముందే తెలుసు, నాకు తెలియలేదు. చినుకులు కాదు, ఒక్కసారిగా కుమ్మరించింది. అద్దాల భవనాల వెనక, ఇంకా ఎవరూ పగలగొట్టని బండరాళ్ల మధ్య ఒక సందు ఉంది. అందులో పెంకుల కప్పుతో ఒక చిన్న చర్చి. ఆరేళ్లుగా దాని ముందు నుంచే నడుస్తున్నాను, ఒక్కసారీ లోపలికి తొంగి చూడలేదు. ఆ రోజు వరండాలోకి పరుగెత్తాను.

లోపలి నుంచి ఒక మోత వస్తోంది. మొదట అది సంగీతమని నాకు తట్టలేదు. పక్క భవనంలో జనరేటర్ అనుకున్నాను. ఒకటే స్వరం, బాగా కింది స్థాయిలో, ఆగకుండా, కొంచెం గాలి కలిసి, జలుబు చేసిన మనిషి ముక్కుతో పాడినట్టు. తంబురా మీటితే తీగ మోగి తగ్గుతుంది, మళ్లీ మీటాలి. దీనికి తగ్గడమనేది లేదు. కాసేపటికి దాని పక్కనే ఇంకో స్వరం వచ్చి నిలబడింది. రెండూ కలిసిపోయేంత దగ్గర కాదు, విడిపోయేంత దూరమూ కాదు. ఆ రెంటి మధ్య గాలి అలలు అలలుగా కొట్టుకోవడం వరండా చెక్కబల్ల మీద పెట్టిన నా అరచేతికి తెలిసింది. తర్వాత మూడోది, నాలుగోది. ఒక్కొక్కటీ వచ్చి చేరుతోంది, చేరినది పోవడం లేదు. చిన్న స్టేషన్‌లో రైలు కోసం జనం పోగవుతున్నట్టు. పాట అనదగ్గ వరస ఏదీ వినబడలేదు. అయినా కదలబుద్ధి కాలేదు. వాన వెలిసిన సంగతి చాలాసేపటికి గమనించాను.

తలుపు తోసి చూశాను. గోడంతా గొట్టాలు. సన్నవి, లావువి, కొన్ని లోహానివి, కొన్ని చెక్కవి. వాటి ముందు ఒక అమ్మాయి నాకు వీపు చేసి కూచుని ఉంది. చెప్పులు పక్కన విడిచి, పాదాలతో కింద చెక్క పెడళ్లు తొక్కుతోంది. అలికిడికి వెనక్కి తిరిగింది. మా అపార్టుమెంటులో నాలుగో అంతస్తు అమ్మాయి! లిఫ్టులో ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలూపి ఊరుకునే మనిషి.

“అంకుల్, మీరా! శానా తడిసినారే.”

ఆమె చేతులు వాద్యం మెట్ల మీద లేవు. అయినా ఆ కింది స్వరం మోగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఆమె నాకు ఆ వాద్యాన్ని చూపించింది. వెనక గదిలో మోటారు తోలు తిత్తిలోకి గాలి కొడుతుంది. తిత్తి మీద అయిదారు ఇటుకలు. ఆ బరువుకే గాలి గొట్టాల దాకా వస్తుందట. హార్మోనియం మెట్టు లాంటిదే ఒక మెట్టు నొక్కితే, గొట్టం కింద తోలు అతికించిన చిన్న మూత తెరుచుకుని గాలి లోపలికి పోతుంది. మెట్టు వదిలితే మూత పడుతుంది, స్వరం ఆగుతుంది. ఎక్కడో మూతపడిన ఓ చర్చి నుంచి విప్పి తెచ్చి, మళ్లీ ఇక్కడ కట్టారట.

“దీన్ని పైపు ఆర్గన్ అంటారంకుల్. వేలు పెట్టినంతసేపూ పలుకుతానే ఉంటాది. తగ్గదు, పెరగదు. అదే దీని గుణం. అందుకే దీనికి రాసేటప్పుడు స్వరం ఎప్పుడు మొదలుపెట్టాలా అని కాదు, ఎప్పుడు ఆపాలా అని ఆలోచించాల.”

ఆమెది కడప జిల్లా. హాస్టల్ బడిలో కాళ్లతో తొక్కే పాత హార్మోనియం దగ్గర వేళ్లు తిప్పడం నేర్చుకుంది. ఇంజినీరింగ్ అయ్యాక రాయదుర్గంలో ఉద్యోగం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. “నువ్వూ నేనూ ఒకే కులం,” అన్నాను. నవ్వింది. ఇక్కడ వాయించే పెద్దాయన ఊరు మారినప్పటి నుంచి ఆదివారాలు తనే వచ్చి ప్రార్థన పాటలకు వాయిస్తోందట. “మనది ఆ మతం కాదు గదా అని ఫాదర్‌తో చెప్తే, గొట్టాలకు తెల్దులే అమ్మా అన్నాడు.”

“ఇప్పుడు వాయించింది ఎవరిది?”

ఆమె కాగితాలు సర్దుకుంటూ, “నాదే,” అంది.

మూడేళ్లుగా రాస్తోందట. ఇంట్లో చిన్న కీబోర్డు మీద, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. లిఫ్టులో ఆమె వింటున్నది అదే. ఆమె రాసింది ఇంతవరకూ మరో మనిషి చెవిన పడలేదు. ఈసారి ఫాదర్ ఒక ఆదివారం సాయంత్రం ఆమెకు ఇచ్చాడు. ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆఫీసులో ఏడెనిమిది మందిని పిలిచింది. పిలిచినప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదంది.

“బాగుంటే సరే. బాగలేకపోతే ఇంక రాయను అంకుల్. మూడేండ్లు చాలు గదా, తెలిసేకి.”

తేలిగ్గానే అంది. కానీ అలా అంటున్నప్పుడు ఆమె చేతిలో కాగితాల అంచులు నలిగిపోయాయి.

వెళ్లబోతూ అడిగాను, ఆ కింది స్వరం ఎందుకు ఆగడం లేదని.

“వానలు పడినప్పటి నుంచి ఆ మెట్టు అంతే. చెయ్యి తీసినా పలుకుతానే ఉంటాది. మోటారు ఆపితే తప్ప పోదు,” అంటూ వెనక గదిలోకి వెళ్లి స్విచ్చి ఆపింది. తిత్తి దిగుతుంటే ఆ స్వరం కిందికి, ఇంకా కిందికి జారి, మూలిగి, ఆరిపోయింది. మా పత్రిక అచ్చు యంత్రం ఆపినప్పుడు దాని మోత అలాగే జారేది. ఆ పోలికకు నేను ఎంత మురిసిపోయానంటే, ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఏముందో చూడనే లేదు.

నాకు కనబడింది ఒక్కటే. పట్టపగలు వెలుగుతున్న వీధిదీపం.

మర్నాడే ఫాదర్‌కు ఫోన్ చేశాను. బాగు చేయిస్తానంటే వద్దంటాడా? హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర ఒక హార్మోనియం మిస్త్రీ ఉన్నాడనీ, ఒకసారి వచ్చి తిత్తికి అతుకు వేశాడనీ చెప్పాడు. వెతుక్కుంటూ వెళ్లాను. రైలు పట్టాల పక్క కాలనీలో ఒక గది. గోడకు విప్పిన హార్మోనియం పెట్టెలు. లోపల మా ఈడు మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు.

“ఆగకుండ మోగుతుందా? ఫికర్ చేయకుండ్రి సారూ. తోలు ఉబ్బి ఉంటది, లేకుంటె స్ప్రింగ్ సచ్చి ఉంటది. వానకాలం గదా. మంగళారం పొద్దుగాల వస్త.”

అది ఆమె కచేరీకి ముందు మంగళవారం. ఆమె ఆఫీసుకు వెళ్లిన వేళ ఇద్దరం చర్చికి పోయాం. మిస్త్రీ కింది పలక విప్పి, సగం లోపలికి దూరి, ఆ మూతను బయటికి తీశాడు. దాని తోలు ఒక పక్క ఉబ్బి, ముడతపడి, ఎండిన ఆలూబుఖారా లాగా ఉంది. గీకి, కొత్త తోలు అతికించి, స్ప్రింగ్ మార్చాడు. మోటారు వేశాడు. నిశ్శబ్దం. మెట్టు నొక్కాడు. నిండుగా, గుండ్రంగా పలికింది. వదిలాడు. ఆగిపోయింది.

“ఏమంటరు?”

“శభాష్.”

“శభాష్ కాదు సారూ, కొత్తది తెచ్చినా గిట్ల పలకదు,” అన్నాడు. పాత తోలు ముక్కలు కాగితంలో చుట్టి, బయటి చెత్తడబ్బాలో వేశాడు.

ఆ సాయంత్రం ఆమె కంటే ముందే వెళ్లి వెనక బెంచీలో కూచున్నాను. చెప్పకూడదు, తనే కనుక్కోవాలి. ఆ సంబరం నాకు బాగా గుర్తుంది, అందుకే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆమె వచ్చింది, చెప్పులు విడిచింది, వెనక గదిలోకి వెళ్లి మోటారు వేసింది. తిరిగి వస్తూ దారి మధ్యలో ఆగిపోయింది. తల పక్కకు వంచి వింది. గబగబా వచ్చి ఆ మెట్టు నొక్కింది, వదిలింది. మళ్లీ నొక్కింది. మళ్లీ వదిలింది.

“అంకుల్, ఇది ఏమైంది?”

“బాగు చేయించానమ్మా!”

ఆమె బల్ల మీద కూలబడింది. కోపం కాదు, అంతకంటే కష్టమైనదేదో. “దాని మీదనే గదా అంకుల్ రాసింది,” అంది.

అప్పుడు చెప్పింది. ఆ స్వరం వల్లే ఆ రచన పుట్టిందని. అంతకు ముందు ఏడు కూడా వానాకాలంలో మెట్టు అలాగే పట్టేసింది. మూత పూర్తిగా తెరుచుకోక, పూర్తిగా పడక, గొట్టానికి సగం గాలే అందేది. అందుకే ఆ గొంతు. సరైన స్థాయికి ఇసుమంత కింద, సగం ఊపిరి, సగం నాదం. మొదట్లో ఆమే విసుక్కుందట. తర్వాత ఒక ఆదివారం అందరూ వెళ్లిపోయాక ఊరికే వింటూ కూచుంది. మనిషి వాయించకుండానే మొదలయ్యే సంగీతం అది. మోటారు వేయగానే వస్తుంది, మోటారు ఆపితే పోతుంది. మధ్యలో వచ్చేవాళ్లంతా దాన్ని అడిగి రావాలి, దానికి చోటిచ్చి నిలబడాలి. మెట్టు గట్టిగా నొక్కితే అదే స్వరం నిండుగా పలుకుతుంది, వదిలితే మళ్లీ సగం గొంతులోకి పోతుంది. ఆ రాకపోకల చుట్టూ పద్దెనిమిది నిమిషాల రచన అల్లింది.

“రోజంతా వేరేవాళ్ల తప్పులు రాసి పంపుతానే ఉంటాను. ఇది ఒక్కటి ఎవురికీ చెప్పకుండా దాచుకున్నాను.”

పత్రికలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు: ఎవరి గురించి రాస్తున్నావో వాళ్లను అడగకుండా అచ్చుకివ్వకు. ఎన్ని వందల కాపీల మీద ఎర్ర సిరాతో ‘సంబంధితుల వివరణ ఏదీ?’ అని రాసి తిప్పి పంపానో లెక్కలేదు. ప్రూఫుల్లో ఇంకో గుర్తు కూడా ఉంది. పొరపాటున కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టి, పక్కన ‘ఉండనీ’ అని రాస్తాం. కొట్టివేత చెల్లదని అర్థం. ఆ తోలు ముక్క కింద చుక్కలు పెట్టే వీలు లేదు. అది చెత్తబండిలో ఎటో పోయింది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. కూరగాయలు తరుగుతూ అంతా వింది.

“ఆ పిల్లని ఒక్క మాట అడుగుతే మీ సొమ్మేం పోతుండె?”

“అడగలేదు.”

“ముందుగాల అడగలేదు. ఇప్పుడన్న అడుగుండ్రి, ఏం చేస్తె మంచిగైతదో. ఇట్ల సోఫాల కూసొని మొకం వేలేసుకుంటె స్వరం వస్తదా?”

బుధవారం పొద్దున్నే మిస్త్రీ దగ్గరికి వెళ్లాను. సంగతంతా విని ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“అంటే, మంచిగ చేసినదాన్ని మల్ల ఖరాబ్ చేయమంటరా?”

“కొంచెం…”

“కొంచెం లేదు, శాన లేదు. గిది నా చేతులతోని కాదు సారూ. రేపు నేను సచ్చినంక ఎవడన్న విప్పి చూస్తడు. ‘ఏ పిచ్చోడు చేసిండ్రా’ అంటడు. నాకు ఇజ్జత్ లేదా?”

ఆయన కోపంలో న్యాయం ఉంది. అప్పటికి నేను ఇద్దరు పనివాళ్లను అవమానించాను. ఒకరిని బాగు చేయించి, ఇంకొకరిని చెడగొట్టమని.

ఆ సాయంత్రం ఆమెను లిఫ్టు దగ్గర పట్టుకుని అడిగాను, ఏం చేస్తే సరిపోతుందని. అప్పటికే ప్రయత్నించానంది. మెట్టు మీద బరువు పెడితే మూత మొత్తం తెరుచుకుంటుంది, స్వరం నిండుగా వస్తుంది. ఆ గొంతు రాదు. “మెట్టు సగం దూరంలో ఆగాల అంకుల్. సగం కంటే జర తక్కువ. వేలితో పట్టుకుంటే నిమిషానికే వణుకుతాంది.” హైదరాబాద్ ఆమెకు ‘జర’ నేర్పింది. ఇంకో సమయంలో అయితే నవ్వేవాణ్ని.

సగం దూరంలో ఆపాలి. ఆ మాట పట్టుకుని నేను ఇంట్లోకి వెళ్లి, బీరువా మీది అట్టపెట్టె దించాను.

మా పత్రికలో సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చిన ఏడు, కంపోజింగ్ హాలు ఖాళీ చేస్తుంటే అక్కడి ఫోర్‌మన్ నన్ను పిలిచి పురికొసతో కట్టిన ఒక కట్ట చేతిలో పెట్టాడు. పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీ కోసం పెట్టే సీసపు పట్టీలు. రేకుల్లాంటివి, వేలెడు పొడవు. వాటితోపాటు పేజీలో ఖాళీ జాగాలు నింపే సీసపు దిమ్మె ఒకటి. వాటి మీద అక్షరాలుండవు, అచ్చులో ఏమీ పడదు. చేరిన కొత్తలో నేను వాటిని చిన్నచూపు చూస్తే ఆయనే మందలించాడు: “అక్షరాలు కట్టుడు ఎవడైన కడుతడు. ఖాళీ కట్టుడు నేర్సుకో.” కళ్లు మూసుకుని వేలితో తడిమి పట్టీ మందం చెప్పేవాడు. ఆ కట్ట ఇన్ని ఇళ్లు మారినా నాతోనే వచ్చింది. దిమ్మె కొన్నాళ్లు కాగితాల మీద బరువుగా పనికొచ్చింది. పట్టీలు దేనికీ పనికి రాలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఆ పెట్టె విప్పుతూ ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

గురువారం సాయంత్రం ముగ్గురం చర్చిలో ఉన్నాం. మిస్త్రీని ఫోన్‌లో బతిమాలాను. “విప్పుడు లేదు, కోసుడు లేదు. కింద ఏదో పెట్టుడు, తీసుడు. అంతే,” అంటే, చూస్తానని వచ్చాడు. పట్టీలు చేతిలోకి తీసుకుని గీరి చూశాడు.

“సీసమా? మెత్తగుంటది, కట్టెకు గీత పడదు. గిదైతే నడుస్తది.” ఆమె వైపు తిరిగి, “అమ్మా, నీ పాట ఖరాబైందని పరేషాన్ కాకు. నేను చేసింది తప్పు కాదు, నువ్వు అడిగేది తప్పు కాదు. సారు చేసిందే గడ్‌బడ్,” అన్నాడు.

“తెలుసన్నా,” అంది ఆమె. మంగళవారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వింది నా మీదే అయినా, ఆ నవ్వు నాకు హాయనిపించింది.

మెట్ల ముందుండే చెక్క పట్టీని మిస్త్రీ రెండు మరలు తిప్పి ఊడదీశాడు. మెట్టు కింద ఖాళీ కనబడింది. అందులో నేను ఒకదాని మీద ఒకటి సీసపు పట్టీలు దూర్చాను. మెట్టు పైన బరువుకు దిమ్మె పెట్టాం. ఆమె మోటారు వేసింది. ఏడు పట్టీలకు ఏమీ లేదు. ఆరుకు గొట్టంలో గాలి మాత్రమే తిరిగింది. అయిదుకు, సన్నగా, జలుబు గొంతుతో, అది వచ్చింది.

మిస్త్రీ చెవి గొట్టం దగ్గర పెట్టి, “వారేవా, మల్ల ఖరాబైంది,” అన్నాడు.

కానీ ఆమె ముఖం పూర్తిగా విప్పారలేదు. “దగ్గరికొచ్చింది. అదే కాదు,” అంది. కింద పట్టీలు ఉండగా మెట్టును నిండుగా నొక్కే వీల్లేదు. నొక్కాలంటే పట్టీలు తీయాలి. తీసినవాటిని స్వరం ఆగకుండా తిరిగి దూర్చడం కుదరదు. ఆమె రాసిన రాకపోకలు ఇక లేవు. స్వరం ఒక వైపే నడవగలదు, సన్నం నుంచి నిండుకు.

“ఆ పాట పోయింది అంకుల్,” అంది. నిష్ఠూరం లేదు, దాపరికమూ లేదు. నేను తలూపాను. ఆ మాట నాతో ఆమె అనవలసిందే, నేను వినవలసిందే.

తర్వాత పట్టీల వైపు కాసేపు చూసి అడిగింది: “ఆదివారం దాకా మూడు రోజులుండాది. ఒక్కొక్కటీ తీసేకి ఒక మనిషి కావాల. మీరు కూచుంటారా?”

శుక్రవారం సెలవు పెట్టి రాసింది. శని, ఆదివారాల్లో పొద్దున్నే సాధన చేశాం. నాకు సంగీతం చదవడం రాదు. ఆమె ఎడమ మోకాలు నా వైపు కదిలిస్తే పట్టీ తీయాలి, అంతే. అయినా మా ఆవిడ చెప్పిన ప్రకారం నేను శనివారం మధ్యాహ్నమంతా వంటింటి బల్ల మీద, డిక్షనరీ కింద నుంచి పట్టీలు లాగుతూ గడిపాను.

ఆదివారం సాయంత్రం చర్చి వాళ్లతో కలిపి ముప్పై మంది దాకా వచ్చారు. ఆదివారం కూడా పని పడిన ఆఫీసు వాళ్లు మెడలో కార్డులు తీయడం మరిచి వచ్చారు. మిస్త్రీ ఇస్త్రీ చొక్కాలో మొదటి వరసలో, తన వాద్యాన్ని ఎవరు ఏం చేస్తారోనని కాపలా కాస్తున్నట్టు కూచున్నాడు. ఆయన పక్కన మా ఆవిడ. నేను ఆర్గన్ బల్ల ఎడమ కొసన, మెట్ల అంచుకు కళ్లు ఆనించి.

ఫాదర్ వెనక గదిలో మోటారు వేశాడు. గొట్టంలో గాలి తిరగడం మొదలైంది. ఇంకా స్వరం కాదు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వెనక ఎవరో ఏసీ అనుకుని గోడల వైపు చూశారు. ఆమె మోకాలు కదిలింది. మొదటి పట్టీ తీశాను. గాలిలోంచి స్వరం పుట్టింది. అప్పుడు ఆమె కుడిచేయి దాని పక్కకు ఇంకో స్వరాన్ని తెచ్చి నిలబెట్టింది. అలలు మొదలయ్యాయి, నా మోచేతుల కింది చెక్కలో. ఆ తర్వాత స్వరాలు ఒక్కొక్కటే పోగయ్యాయి, ఆ మొదటి వాన సాయంత్రం లాగే. కాకపోతే ఈసారి కింది స్వరం వాటితోపాటే పెరుగుతోంది. రెండో పట్టీ తీశాక పెడళ్లు కలిశాయి, బెంచీలు సన్నగా అదిరాయి.

మూడోది లాగినప్పుడు నా చేతి చెమటకు నాలుగోది కూడా అతుక్కుని వచ్చేసింది. మెట్టు ఒక పట్టీ మందం దిగాల్సింది రెండు దిగి, స్వరం ఒక్కసారిగా గొంతు విప్పింది. ఆమె తల ఎత్తలేదు. పైన పట్టుకున్న స్వరాలన్నీ అలాగే పట్టుకుని, వాటిలోంచి ఒక్కొక్కటే వదిలేయడం మొదలుపెట్టింది. నిండిపోయిన చోట ఖాళీ అయింది. ఆ ఖాళీలో ఆ కింది స్వరం తనంత తాను నిలబడింది. అది రాసుకున్నది కాదు. అప్పటికప్పుడు ఆమె నా పొరపాటుకు జాగా చేసింది. ఆ తర్వాత మూడంటే మూడు స్వరాల చిన్న ముక్క ఒకటి పై గొట్టాల్లో వినబడింది, ఎవరో పక్క గదిలో పని చేసుకుంటూ కూనిరాగం తీసినట్టు. అయిదో పట్టీ. ఆరోది. స్వరం నిండుగా, గుండ్రంగా, మిస్త్రీ మంగళవారం పలికించినట్టే పలికింది. ఆయన మొదటి వరసలో నిటారుగా కూచోవడం నాకు కంటి చివర కనబడింది.

మోటారు ఆగింది. స్వరం జారి, మూలిగి, వెళ్లిపోయింది. చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అయిపోయిందో లేదో తెలియక. ముందు కొట్టింది మా ఆవిడ.

బయట చెట్టు కింద నిలబడి అందరూ చాయ్ తాగుతుంటే మిస్త్రీ అన్నాడు: “అర్థం కాలే అమ్మా. గని లేసి పోబుద్ధి కాలే.” ఆ అమ్మాయికి ఆ రోజు దొరికిన మెప్పుల్లో అదే పెద్దదని నా అభిప్రాయం. నేను దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను, నాలుగో పట్టీ గురించి, మంగళవారం గురించి, రెంటికీ కలిపి.

“మంగళవారంది అట్లనే ఉండనీండి, అది క్షమించేది కాదు,” అంది నవ్వుతూ. “నాలుగో పట్టీ మాత్రం మంచి పని చేసినారు.” ఆ తర్వాత మెల్లగా, నా కోసం కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు, “ఇంకోటి మొదలుపెట్టాల,” అంది.

నెల తిరక్కుండా ఒక రోజు కాగితాల కట్ట తెచ్చి ఇచ్చింది. శుభ్రంగా కంప్యూటర్‌లో ఎక్కించిన ఆ రచన ప్రతి. సూచనలన్నీ తెలుగులో. “మీరు ఒకసారి దిద్దిపెట్టాల అంకుల్.” మొదటి పేజీలో వాయించేవారు ఎంతమందో రాసి ఉంది: ‘ఇద్దరు. మెట్లు, పెడళ్లు ఒకరు. సీసం ఒకరు.’ ఆ పంక్తి దగ్గర కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లుగా రోజూ వేల మంది చేతుల్లోకి వెళ్లిన అచ్చులో నా పని ఉంది, నేనెక్కడా లేను. అది మా వృత్తి ధర్మం, బాధ లేదు. కానీ పేరు లేకుండానే ఒక మనిషికి ఇంత చోటు ఇవ్వవచ్చని నాకు తెలియదు. అయిదో పేజీలో ఇలా ఉంది: ‘మూడు, నాలుగు పట్టీలు కలిపి, పొరపాటున వచ్చినట్టు తీయవలెను.’

చివరి పేజీకి వచ్చాను. ఆఖరి సూచన: ‘చివరి పట్టీ తీసిన తరువాత మోటారు’. అక్కడితో ఆగిపోయింది. క్రియ లేదు, చుక్క లేదు. ఎర్ర కలం చేతిలోకి వచ్చేసింది, మూత కూడా తీశాను. అంతలో ఆగాను. ఏమో, ఆగిపోవడమే ఆమె ఉద్దేశమేమో. స్వరం మధ్యలో జారిపోయినట్టు వాక్యాన్నీ జారవిడిచిందేమో. కలం పక్కన పెట్టి ఫోన్ చేశాను.

“అమ్మా, చివరి వాక్యం సగంలో ఆగింది. అది అట్లాగే ఉండాలా? కావాలనే పెట్టావా?”

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. ఆ తర్వాత పకపకా నవ్వు.

“అయ్యో, లేదంకుల్. ‘ఆపవలెను’ అని ఉండాల. టైపింగులో పోయింది. అది ఉత్త తప్పే. దిద్దేయండి.”

దిద్దాను.